ఇల్లు పోతే పోయె, పేరుంది కదా!

హైదరాబాదుకు పాత ఇళ్ళంటే పట్టింపు లేదని కొందరు ఊరికే ఆడిపోసుకుంటారు. నేనొప్పుకోను. ఇల్లు పోయినా పేరు పోనివ్వని ఊరు మనది. దివాన్ దేవిడీనే చూడండి. సాలార్‌జంగుల నివాసం, 1951లో మ్యూజియం మొదట తెరిచింది అందులోనే. ఇప్పుడక్కడ దేవిడీ ఏదని అడగండి, "హోల్‌సేలా, రిటైలా?" అంటారు.

కింగ్ కోఠీ కథ మరీ ముచ్చట. కట్టించిన కమాల్ ఖాన్ తలుపులకూ కిటికీలకూ కె.కె. అని తన పొడి అక్షరాలు చెక్కించుకున్నాడట. భవనం నిజాం చేతికొచ్చాక, చెక్కినవి చెరపడం ఎందుకని ఆ అక్షరాలకు సరిపోయే పేరే వెతికారంటారు. అప్పుడు తలుపు కోసం పేరు మార్చారు. మనం పేరు ఉంచుకుని తలుపు అమ్ముకుంటున్నాం.

పాత భవనాలకు కాపుగా 1981 నాటి 13వ నిబంధన ఒకటి ఉండేది. 2015లో దాన్నీ తీసేశారు. పాతబడిన కట్టడమే కదా! 2017లో కొత్త చట్టం లేచింది. 2019లో ఎర్రమంజిల్ అనే పాత మహలును కూల్చి అసెంబ్లీ కడతామంటే హైకోర్టు కుదరదంది. ఆ పేరుతో మెట్రో స్టేషన్ ఉండగా ఇక మంజిల్ ఎందుకని కోర్టువారికి ఎవరూ విన్నవించినట్టు లేదు.

ఇక మా ఇల్లు. బర్కత్‌పురాలో తాతగారు కట్టించింది. గానుగలో ఆడించిన డంగు సున్నం, అందులో బెల్లం నీళ్ళు, కరక్కాయ. నడివేసవిలో కూడా మధ్యగదిలో దుప్పటి వెతుక్కునేవాళ్ళం. "డెవలప్‌మెంటుకిచ్చేద్దాంరా," అన్నాడు అన్నయ్య. అది ఇంకా డెవలప్ కాలేదని అప్పటిదాకా మాకు తెలీదు. ఆ గోడలతో జేసీబీ మూడు రోజులు పెనుగులాడింది. డ్రైవరు మాత్రం దిగి, సున్నం పెళ్ళ ఒకటి చేతిలోకి తీసుకుని, "ఏం కట్టిన్రు సార్!" అన్నాడు. మా ఇంటికి దక్కిన గుర్తింపు అదొక్కటే. టేకు దూలాలు లారీ ఎక్కాయి. వాటి లెక్క మాత్రం అన్నదమ్ములకు ఇప్పటికీ తెగలేదు.

స్టిల్ట్ మీద అయిదంతస్తులు లేచాయి. పేరు 'తాతగారి దేవిడీ'.

మొన్న కాలనీ సంఘం వాళ్ళొచ్చారు. పేటలోని చారిత్రక గృహాలను గుర్తించి ఫలకాలు పెడుతున్నారట. పాత ఫొటో అడిగితే చిన్నత్త పెళ్ళిది ఇచ్చాను. వరండా కమాను ముందు బంధువులు అడ్డంగా నిలబడ్డారు, ఇల్లు కనబడదు. పరవాలేదన్నారు. ఫలకం ఎక్కడ పెట్టాలన్నదే తేలడం లేదు. స్టిల్టులో ప్రతి స్తంభమూ ఎవరో ఒకరి పార్కింగుదే.