మొదలుపెట్టడానికి చీటీ ఉంది, మానడానికి లేదు

మా పెద్దమ్మ మందుల డబ్బా ఒకప్పటి బిస్కెట్ల రేకు డబ్బా. అందులో బీపీ గోలీలు, గ్యాస్ గోలీలు, వాటి అడుగున పాలిథిన్ కవర్లో మడతల దగ్గర చిరిగిపోతున్న ఒక చీటీ. పెదనాన్న పోయిన నెలలో, ఆమె రాత్రుళ్లు గోడకు ఆనుకుని తెల్లవార్లూ కూర్చుంటున్న రోజుల్లో, ఒక డాక్టరు రాసిచ్చిన చీటీ అది. ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే అల్ప్రాజోలం గోలీ, 0.5 మి.గ్రా., రాత్రి ఒకటి. ఎన్ని రోజులో రాయలేదు. ఆ ఒక్క చీటీ మీద ఆరేళ్లు మందు కొన్నది. మెడికల్ షాపతను చీటీ అడగడం ఎప్పుడో మానేశాడు. ఆమె మెట్టెక్కుతుంటేనే స్ట్రిప్పు తీసి పెట్టేవాడు.

మనవరాలి పెళ్లికి వెళ్తూ ఆ డబ్బా ఇంట్లో మరిచిపోయింది. మొదటి రాత్రి నిద్ర పట్టలేదంటే పెళ్లి హడావుడి అనుకున్నాం. రెండో రోజుకు చేతులు వణుకు, ఒళ్లంతా చెమట. పందిట్లో గిన్నె కింద పడితే గుండె పట్టుకుని లేచి నిలబడింది. ట్యూబులైటు వెలుతురు భరించలేక మొహం మీద కొంగు కప్పుకుంది. ఆస్పత్రిలో ఈసీజీ తీశారు, షుగర్ చూశారు, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. మర్నాడు డ్యూటీకొచ్చిన ఒక చిన్న వయసు డాక్టరమ్మ మాత్రం మంచం పక్కన కూర్చుని అడిగింది: "రాత్రి పడుకునేటప్పుడు గోలీ ఏమన్నా వేసుకుంటారా అమ్మా? అది ఎన్ని రోజుల్నుంచి ఆపేశారు?"

సంగతి అర్థమయ్యాక పెద్దమ్మ ఏడ్చింది. "నేనేమన్న తాగుబోతునా బిడ్డా, గోలీకి అలవాటు పడనీకి?" అంది నాతో. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. మందుకు ఒళ్లు అలవాటు పడటానికీ, మనిషి వ్యసనపరుడు కావడానికీ మధ్య ఉన్న తేడాను ఆరేళ్లలో ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఆమె ఒక్క రాత్రి కూడా రెండో గోలీ వేసుకోలేదు, మత్తు కోసం వెతుక్కోలేదు. డాక్టరు చెప్పినట్టే వేసుకుంది. డాక్టరు చెప్పినట్టే వేసుకున్న మనిషి ఒంట్లో కూడా ఈ మందు ఇలా పాతుకుపోతుంది. మన పత్రికలేమో ఎవరి సంగతి రాసినా 'మాత్రలకు బానిస' అని ఒకే మాట రాస్తాయి. ఆ మాట చదివిన మనిషి సిగ్గుపడి డాక్టరు దగ్గర కూడా నోరు విప్పడు.

ఒంట్లో జరిగేది కావడి మోసినవాడికి తేలిగ్గా అర్థమవుతుంది. మెదడులో ఉద్రేకాన్ని తగ్గించే గాబా అనే రసాయనం ఒకటి ఉంటుంది. అల్ప్రాజోలం, క్లోనాజెపాం, డయాజెపాం, లోరాజెపాం, ఈ బెంజోడయాజెపిన్ మందులన్నీ దాని పనికి బలం చేకూరుస్తాయి. కావడిలో ఒకవైపు బరువు పెరిగితే మోసేవాడు భుజం జరుపుకుని సర్దుకున్నట్టు, కొన్ని వారాల్లో మెదడు కూడా ఆ మందుకు తగ్గట్టు సర్దుకుంటుంది. అప్పుడు ఆ బరువును ఒక్కసారి తీసేస్తే మనిషి రెండోవైపుకు తూలిపోతాడు. నిద్ర లేకపోవడం, వణుకు, గుండెదడ, చప్పుళ్లూ వెలుతురూ భరించలేకపోవడం ఆ తూలడమే. పెద్ద మోతాదు వాడుతూ ఒక్కసారి ఆపితే ఫిట్స్, మతిభ్రమణం, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. అల్ప్రాజోలం ఒంట్లోంచి తొందరగా దిగిపోయే మందు. దాదాపు 11 గంటల్లో సగానికి వస్తుంది. అందుకే దీన్ని ఆపినప్పుడు దెబ్బ కూడా తొందరగా, గట్టిగా తగులుతుంది.

ఇందులో అసలు ఉచ్చు మరొకటుంది. మందు ఆపితే వచ్చే బాధ అచ్చం పాత జబ్బులాగే ఉంటుంది. ఆందోళన కోసం వేసుకున్న మందు ఆపితే ఆందోళనే వస్తుంది, నిద్ర కోసం వేసుకున్నది ఆపితే నిద్రే పోతుంది. 'చూశావా, నీ జబ్బు ఇంకా తగ్గలేదు' అంటారు ఇంట్లోవాళ్లు. తొందరలో ఉన్న డాక్టరూ అదే అంటాడు. మళ్లీ గోలీ వేయగానే గంటలో అంతా సర్దుకుంటుంది, దాంతో ఆ మాట నిజమేనని రుజువైపోతుంది. ఇలా మూడుసార్లు జరిగితే చాలు, ఆ మనిషి జన్మలో ఇక మానే ప్రయత్నం చేయడు.

ఇదేమీ కొత్తగా బయటపడ్డ విషయం కాదు. ఈ జాతి మందుల్లో మొదటిది క్లోర్‌డయాజెపాక్సైడ్, లిబ్రియం పేరుతో 1960లో బజారుకొచ్చింది. మరుసటి ఏడాదే, 1961లో, లియో హాలిస్టర్ అనే అమెరికన్ వైద్యుడు దాన్ని పెద్ద మోతాదులో నెలల తరబడి వాడిన 11 మందికి చెప్పకుండా ఉత్తుత్తి మాత్రలు మార్చి చూశాడు. పదిమందికి కొత్త లక్షణాలు వచ్చాయి, ఇద్దరికి ఫిట్స్ వచ్చాయి. బ్రిటన్ ఔషధ భద్రతా కమిటీ 1988లో ఈ మందులు రెండు నుంచి నాలుగు వారాలకు మించి వద్దని చెప్పింది. డాక్టరు చెప్పినట్టు వాడినా ఒళ్లు అలవాటు పడుతుందనీ, ఉన్నట్టుండి ఆపితే ప్రాణాపాయమనీ మందు వివరాల పత్రంలో నల్లగీతల మధ్య అచ్చువేయించడానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు మాత్రం 2020 సెప్టెంబరు దాకా పట్టింది. అరవై ఏళ్లు!

తెలంగాణకు ఈ పాఠం కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. మన కల్లు దుకాణాలే చెప్పాయి. చెట్ల నుంచి దిగే కల్లుకూ దుకాణాల్లో అమ్ముడుపోయే కల్లుకూ పొంతన లేని చోట లోటు పూడ్చేది అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులే. రోజంతా కూలి చేసి సాయంత్రం రెండు సీసాలు తాగే మనిషికి తాను ఏ మందు వేసుకుంటున్నాడో, ఎంత వేసుకుంటున్నాడో తెలియదు. 2015 సెప్టెంబరులో కల్తీ మీద ప్రభుత్వం గట్టిగా విరుచుకుపడింది. కల్తీ ఆగిన కొద్ది రోజులకే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆస్పత్రులు నిండిపోయాయి. ఫిట్స్‌తో నాలుక కొరుక్కున్నవాళ్లు, సొంత పిల్లల్నే గుర్తుపట్టనివాళ్లు, మంచానికి కట్టేస్తే తప్ప ఆగనివాళ్లు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు మళ్లీ అదే వరుస. సరుకును పట్టుకోవడం గురించి ఆలోచించినంతగా, ఆ సరుకు ఒంట్లో ఉన్న మనుషుల గురించి ఎవరూ ఆలోచించలేదు.

2025 సెప్టెంబరులో బోయిన్‌పల్లిలో ఒక ప్రైవేటు బడిలోనే అల్ప్రాజోలం తయారీ గుట్టు రట్టయింది. కింద పిల్లలకు పాఠాలు, పైన మందు వంట. ఆ సరుకంతా కల్లు డిపోలకే. పట్టుకున్నవాళ్లకు పేరొచ్చింది, రావాల్సిందే. కానీ మర్నాటి నుంచి ఆ సీసాలు అందని పల్లెల్లో ఎవరి చేతులు వణికాయో ఎవరూ వెళ్లి చూడలేదు.

పెద్దమ్మ డబ్బాలోని గోలీ, ఆ సీసాలోని పొడి ఒకటే మందు. పొడికి మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్ కింద కేసు, గోలీకి పాలిథిన్ కవర్లో చీటీ. చట్టం లేక కాదు. మందుల అమ్మకం నిబంధనల్లో 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న హెచ్1 షెడ్యూలులో అల్ప్రాజోలం, డయాజెపాం, జోల్పిడెం అనే నిద్రమందు అన్నీ ఉన్నాయి. రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన గోలీల లెక్క వేరే రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టర్లు సరిగ్గా ఉంటే ఆరేళ్లుగా ఒకే చీటీ మీద కొంటున్న మనిషి ఎవరో మూడు నిమిషాల్లో తెలుస్తుంది.

అయితే ఇక్కడ నాకొక భయం ఉంది. రేపు డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు అన్ని షాపుల మీదా ఒకేసారి పడి, చీటీ లేనిదే గోలీ ఇవ్వొద్దని కట్టడి చేస్తే, కల్లు విషయంలో జరిగిందే మధ్యతరగతి ఇళ్లలో జరుగుతుంది. పెద్దమ్మ లాంటివాళ్లు ఎన్ని వేల మంది ఉన్నారో! కట్టడి చేయాల్సింది కొత్తగా రాసే చీటీని. పాత మనిషికి కావలసింది దిగే మెట్లు.

దిగడం ఎలాగో వైద్యశాస్త్రానికి తెలుసు. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో హెదర్ ఆష్టన్ అనే వైద్యురాలు 1982 నుంచి 1994 దాకా ఈ మందులు మాన్పించడానికే ఒక క్లినిక్ నడిపారు. నెమ్మదిగా, రోగి ఒళ్లు చెప్పినంత వేగంతోనే తగ్గించాలన్నది ఆమె నేర్పిన పద్ధతి. అమెరికా వైద్య సంఘాలు 2025లో ఇచ్చిన మార్గదర్శకాలూ రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం తగ్గించి చూడమంటున్నాయి. మన షాపుల్లో మామూలుగా దొరికే చిన్న గోలీ 0.25. దాన్ని బ్లేడుతో సగం చేస్తే ఒకేసారి 50 శాతం తగ్గినట్టు. అందుకే చివరి మెట్లు అన్నిటికంటే కష్టం, అందుకే చాలామంది అక్కడే వెనక్కి తిరుగుతారు. కొందరిని డాక్టర్లు నెమ్మదిగా దిగే డయాజెపాంకు మార్చి తగ్గిస్తారు. ఇది చదివి ఎవరూ ఈ రాత్రికే గోలీ ఆపేయకండి. అది వేసుకుంటూ పోవడం కంటే ప్రమాదం. డాక్టరుతో కూర్చుని లెక్క రాయించుకోండి.

ఈ మందులు చెడ్డవని నేననడం లేదు. ఫిట్స్ ఆగని పిల్లవాడికి, సారా మానేసి వణుకుతున్న మనిషికి, ఊపిరాడని భయంతో ఆస్పత్రికొచ్చినవాళ్లకు ఇవి ప్రాణం పోస్తాయి. పెద్దమ్మకు కూడా ఆ మొదటి రెండు వారాలు అవి అవసరమే. మూడో వారం ఎవరైనా పిలిచి "ఇప్పుడెలా ఉంది, తగ్గిద్దామా?" అని అడగాల్సింది. ఆ డాక్టరమ్మ పంపిన సైకియాట్రిస్టు దగ్గర మెల్లగా మానడానికి ఎనిమిది నెలలు పట్టింది. వంటింటి క్యాలెండరులో తేదీల పక్కన పెద్దమ్మ పెన్సిలుతో గీతలు పెట్టుకునేది: పూర్తి గోలీకి నిలువు గీత, ముక్కకు చుక్క. బాగా నిద్ర పట్టని రోజు కింద ఏమీ రాయకుండా వదిలేసేది. ఆగస్టు పేజీ దాదాపు ఖాళీగానే ఉంది.

నేను అడిగేవి రెండే. ఈ జాతి గోలీ రాసే ప్రతి చీటీ మీద ఆపే తేదీ, మళ్లీ చూపించుకునే తేదీ రాయడం తప్పనిసరి చేయండి. కల్లు డిపో మీద ఎక్సైజ్ జీపు వెళ్లిన సాయంత్రమే ఆ మండలంలోని పీహెచ్‌సీ డాక్టరుకు ఫోను వెళ్లాలి. రెండు మూడు రోజుల్లో ఫిట్స్‌తో వచ్చే కూలీ మంచం మీద పడేసరికి, అక్కడ డయాజెపాం ఇంజెక్షనూ, అది ఎందుకో తెలిసిన నర్సూ ఉండాలి.