పీపా వెనుక పదికి పది

“ఇంజిన్‌లో ఏ నూనె పోస్తారు?” అని అడిగాను. “సింథటిక్ సార్” అన్నాడు సర్వీసు అడ్వైజరు. హోటల్లో ఇవాళ కూరేమిటని అడిగితే “వండిన కూరేనండి” అన్నట్టుంది. ఏ గ్రేడు బాబూ అని మళ్లీ అడిగాను. “ఫుల్ సింథటిక్ సార్” అని నా కోసం ఒక మెట్టు పైకెక్కాడు. అంతకు మించి ఎక్కడానికి అతని దగ్గర మెట్లు లేవు.

ఇది నిన్నటి సంగతి. చొక్కా ఇంకా సబ్బునీళ్లలో నానుతోంది, నా కోపం బయటే ఉంది.

మాది ఒక లీటరు పెట్రోలు ఇంజిను కారు. మూడు సిలిండర్లు, దానికొక టర్బో. కొన్ననాడు ఆశీలుమెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందు నిలబెట్టి, చక్రాలతో నిమ్మకాయలు తొక్కించాం కనుక మిగతాది స్వామే చూసుకుంటాడని ధీమాగా ఉన్నాను. ఆ ధీమాను మా బావమరిది ఒక్క ఫోనుతో పోగొట్టాడు. “టర్బో బండికి నూనె తేడా వస్తే టర్బో పోతుంది బావగారూ. టర్బో పోతే మీ బోనసు పోయినట్టే” అన్నాడు. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. నా ఉపన్యాసాల వల్ల ఇంట్లోవాళ్లకూ లేదు.

చదివేకొద్దీ భయం ముదిరింది. ఇంజిన్ నుంచి బయటికి పోయే వేడి పొగ తిప్పే చిన్న చక్రమే టర్బో. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుందట. ఇరుసుకూ బేరింగుకూ మధ్య ఉండేది పలచటి నూనె పొర, అంతే. ఘాట్ రోడ్డు మీద జోరుగా తోలుకొచ్చి ఇంజిన్ టక్కున ఆపేస్తే అక్కడ నిలిచిన నూనె ఆ వేడికి మాడి బొగ్గు కట్టుకుంటుంది. కాబట్టి ఆపేముందు కాసేపు ఊరికే ఆడనివ్వాలి. మొన్న సింహాచలం కొండ మీద నేను శ్రద్ధగా ఆ పనిలో ఉండగానే మా ఆవిడ దర్శనం ముగించుకుని పులిహోర పొట్లంతో తిరిగొచ్చింది. “ఏమండీ, స్వామి మిమ్మల్ని అడిగాడు” అంది.

ఇక గ్రేడు. కారుతో ఇచ్చిన పుస్తకంలో 5డబ్ల్యు-30 అని ఉంది. డబ్ల్యు చలికాలానికి గుర్తు. 5డబ్ల్యు నూనెతో ఇంజిన్ తిరుగుతుందా లేదా అన్నది మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. విశాఖలో జనవరి తెల్లవారుజామున పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలకే మనం చెవులకు మఫ్లరు చుట్టుకుంటాం. లంబసింగి దాకా వెళ్లినా చలి సున్నా దగ్గర తచ్చాడుతుంది తప్ప మైనస్ 30 ఫిషింగ్ హార్బరు ఐసు ఫ్యాక్టరీలో కూడా దొరకదు. మనకు ముఖ్యం ఆ రెండో అంకె. అది నూరు డిగ్రీల దగ్గర నూనె చిక్కదనాన్ని చెబుతుంది. మే నెల మధ్యాహ్నం గాజువాక ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లకు నూరు డిగ్రీల గురించి నేను చెప్పనక్కరలేదు.

మా అపార్టుమెంటు పెద్దాయన ఇవేవీ ఒప్పుకోరు. పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. “ఏ బండికైనా 20డబ్ల్యు-40 పోయవయ్యా, అంబాసిడరుకు జీవితాంతం అదే పోశాను” అంటారు. పొద్దున్నే ఇంజిన్ తిప్పగానే టర్బో దాకా నూనె చప్పున చేరాలంటే పలచనే నయమని నేను. చిక్కగా ఉంటేనే బలమని ఆయన. ఈ వాదం తేలేలోగా లిఫ్టు పైకీ కిందికీ తిరుగుతూ ఉండేది.

గ్రేడు ఒక్కటి సరిపోతే బాధే లేదు. దాని పక్కన ఏపీఐ వాళ్ల అక్షరాలు చూడాలి. ఏపీఐ అంటే నూనెల నాణ్యతకు కొలతలు పెట్టే అమెరికా పెట్రోలియం సంస్థ. 2018లో ఎస్‌ఎన్ ప్లస్ వచ్చింది, 2020 మేలో ఎస్‌పీ. అవి వచ్చింది ముఖ్యంగా చిన్న టర్బో పెట్రోలు ఇంజిన్లకున్న ఒక జబ్బును ఆపడానికి. తక్కువ వేగంలో ఎక్కువ బరువు లాగేటప్పుడు ప్లగ్గు మెరవకముందే సిలిండరులో మంట అంటుకుంటుంది, పిస్టన్ పగిలే ప్రమాదం కూడా ఉంది. నూనెలో కలిపే కాల్షియం డిటర్జెంటు ఈ జబ్బును ఎగదోస్తుందని తేలి, దాన్ని తగ్గించి మెగ్నీషియం వైపు మళ్లారు. ఈ సంగతి భోజనాల దగ్గర వివరిస్తూ “కాల్షియం ఎక్కువైతే ముప్పే” అన్నాను. మా అమ్మాయి పాలు మానేసింది.

ఇంత చదివినవాడికి “సింథటిక్ సార్” సరిపోతుందా? నేనే డబ్బా కొని తెస్తానంటే వారంటీ పోతుందన్నారు. పోనీ మీ డబ్బా చూపించమంటే, డబ్బా ఉండదు, పీపాలోంచి పోస్తామన్నారు. పీపా చూపించమంటే వర్క్‌షాపులోకి కస్టమర్లు రాకూడదన్నారు. ఆ మాట అన్నవాడి వెనుక గోడ మీదే “మీ బండి సర్వీసు మీ కళ్లముందే” అని రాసి ఉంది. 1957లో కాల్టెక్స్ వాళ్లు రిఫైనరీ పెట్టిన ఊరిది. మల్కాపురం వైపు ఆ గొట్టం మీది మంట చూస్తూ పెరిగినవాణ్ణి. అలాంటి ఊళ్లో మూడున్నర లీటర్ల నూనెకు పేరు చెప్పే నాథుడు లేడు.

అడ్వైజరు ఫోను మాట్లాడడానికి అటు తిరిగాడు. నేను లోపలికి నడిచాను.

గోడవారగా నీలం పీపాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటి 210 లీటర్లది. లేబుళ్లన్నీ, కావాలని చేసినట్టు, గోడ వైపే. పీపాకూ గోడకూ మధ్య ఒక సందుంది. పెళ్లికి ముందు నేను అందులోంచి చేతులూపుకుంటూ వెళ్లగలిగేవాణ్ణి. ఇప్పుడు అడ్డంగా తిరిగి, ఊపిరి బిగబట్టి, ఫోనులో టార్చి వెలిగించుకుని దూరాను. లేబులు కింద ఉంది కనుక మోకాళ్లు వంచాను. వెలుతురు పడింది. 5డబ్ల్యు-30. దాని కింద, గుండ్రటి ముద్రలో, ఎస్‌పీ. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు! ఆ ఆనందంలో లేవబోయాను.

లేవలేదు. పీపాను దొర్లించడానికి దాని చుట్టూ రెండు ఉబ్బెత్తు కట్లు ఉంటాయి. పైకట్టు కిందికి నా బెల్టు బకిలు వెళ్లి కూర్చుంది. లేస్తే బకిలు ఆపుతోంది, ఇంకా వంగితే పొట్ట ఆపుతోంది, ఒక చెయ్యి పీపాకూ నాకూ మధ్య ఉండిపోయింది. సగం కుర్చీ వేసిన భంగిమ. బడిలో లెక్కల మాస్టారు వేయించినప్పుడు కనీసం వీపుకు గోడ సున్నం అంటేది. ఇక్కడ గ్రీజు.

అప్పుడొక కుర్రాడు పళ్లెం నిండా నల్లటి నూనె పట్టుకొచ్చి, ఆ పీపా మూతిలో గరాటు పెట్టి, గడగడా ఒంపడం మొదలుపెట్టాడు. పొంగిన చుక్కలు నా భుజం మీద పడ్డాయి. నేను “బాబూ” అన్నాను. పీపా మాట్లాడిందనుకున్నాడో ఏమో, మిగతా పళ్లెం కూడా నా వైపే ఒలికింది.

“ఇది పాత నూనె పీపా సార్” అన్నాడు, కాస్త తేరుకున్నాక. “ఖాళీ పీపాల్లో పాత నూనె పడతాం. లేబులు ఇదివరకటిది.”

“కొత్త నూనె పీపా ఏది?”

“స్టోరులో ఉంది సార్. తాళం వేసి ఉంది.”

కస్టమర్ల గదికి ఇటువైపు గాజు గోడ. కాఫీ కప్పులతో అందరూ లేచి గాజు దగ్గరికి వచ్చారు. ఒక చిన్నపిల్ల ముక్కు అద్దానికి ఆనించి చెయ్యి ఊపింది. తిరిగి ఊపడానికి నాకు వెసులుబాటు లేదు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. అడ్వైజరు కంప్యూటర్లో జాబ్ కార్డు మూసేశాడట, యంత్రం వెంటనే అందుకుంది. నా కారు అటువైపు లిఫ్టు మీద, నూనెంతా ఖాళీ చేసుకుని, గాల్లో ఉంది. ఫోనులో మాత్రం, “మీ వాహనం సర్వీసు విజయవంతంగా పూర్తయింది. తెలుగు కోసం రెండు నొక్కండి.”

ఫోనున్న చెయ్యి ముఖం ముందే బిగుసుకుని ఉంది. కాల్ కట్ చేద్దామని ముక్కు జాపితే రెండు పడింది. “మీ అనుభవానికి సున్నా నుంచి పది వరకు మార్కులు ఇవ్వండి.”

నేను ఇరుక్కున్నప్పుడు రాని అడ్వైజరు ఈ మాట వినగానే పరుగెత్తుకొచ్చాడు. “సార్, పది ఇవ్వండి సార్! తొమ్మిదిచ్చినా నాకు మెమో ఇస్తారు!” పీపాను జరపడానికి చేయి వేసిన మెకానిక్కులిద్దరూ, ఫోను మాట్లాడుతున్న కస్టమరుకు భంగం కలగకూడదని కాబోలు, మర్యాదగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. విషయం అర్థమైంది. పది పడితేగానీ పీపా కదలదు.

ముక్కుతో ఒకటి నొక్కాను. సున్నా అడుగున ఉంటుంది, అక్కడికి ముక్కు అందలేదు. “మీరు ఒకటి ఎంచుకున్నారు...” అని యంత్రం మొదలెట్టింది. అడ్వైజరు ముఖంలో రక్తం లేదు. “సున్నా సార్! సున్నా నొక్కండి సార్! దయచేసి సున్నా!” అని రెండు చేతులూ జోడించాడు. ఉద్యోగం చేసే మనిషి సున్నా కోసం అంతలా బతిమాలడం నేనెక్కడా చూడలేదు. అంత ఇరకాటంలోనూ నాకు కాస్త తృప్తి కలిగింది, దాచను. కొంచెం తాత్సారం కూడా చేశాను. అద్దం వెనుక ఎవరో వీడియో తీస్తున్నారని గమనించాక గడ్డం కిందికి లాగి, ముక్కుకు బదులు గడ్డంతో సున్నా కొట్టాను. “ధన్యవాదాలు” అంది యంత్రం.

ఎలా బయటికి తీశారన్నది ఇక్కడ అనవసరం. బెల్టు మాత్రం అక్కడే ఉండిపోయింది.

బిల్లులో “ఇంజిన్ ఆయిల్, సింథటిక్” అని ఉంది. గ్రేడు లేదు. దాని కింద “తుడిచే గుడ్డ” అని విడిగా ఒక పద్దు ఉంది. కారును తుడిచింది నేను చూడలేదు, నన్ను తుడిచింది మాత్రం అందరూ చూశారు. క్యాషియరును గ్రేడు అడిగాను. ఆమె స్టోరుకు ఫోను చేసింది, స్టోరువాడు ఇంకెవరినో అడిగాడు, కాసేపటికి జవాబు తిరిగొచ్చింది. అదేమిటో మీకు తెలుసు.

ఇది రాస్తుండగా మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి మనిషే. “సార్, నిన్నటి సర్వీసులో మీకింకా ఏమైనా సందేహం ఉందా?”

“గ్రేడు చెప్పండమ్మా, చాలు.”

టపటపా కీబోర్డు చప్పుడు. “పది సార్. మీరే ఇచ్చారు.”