శ్రీమతి ట్రేబేక్ గారికి బహిరంగ లేఖ

కౌంటీ ఆంట్రిమ్, నార్తర్న్ ఐర్లాండ్

శ్రీమతి ట్రేబేక్ గారికి,

ప్రభువు నామమున వందనాలు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయడం మర్యాద. కానీ మీ క్షేమం గురించి నాకు ఏనాడూ సందేహం లేదు. చర్చి హాల్లో కాగితం పరిచిన పొడుగు బల్ల మీద, పలచని ప్లాస్టిక్ పొర కప్పుకుని దర్జాగా కూర్చుని ఉంటారు. పక్కన ఆరాధన ఇంకా నడుస్తూనే ఉంటుంది. పాస్టరుగారు ప్రసంగంలో మూడో పాయింటుకి వచ్చి ఉంటారు. వెనక బెంచీల్లో కూర్చున్నవాళ్ళ మనసులు మాత్రం అప్పటికే మీ దగ్గరికి వచ్చేసి ఉంటాయి.

మా తెలుగువాళ్ళకి మిమ్మల్ని పరిచయం చెయ్యాలి కాబట్టి నాలుగు ముక్కలు. లోతు తక్కువ ట్రేలో పరిచి, చల్లారాక ముక్కలుగా కోసే తీపి మీరు. పళ్ళెంలో పోసి చాకుతో గళ్ళు గీసే మా మైసూర్‌పాక్‌కి దూరపు చుట్టం అనుకోవచ్చు. నార్తర్న్ ఐర్లాండ్‌లో ప్రెస్బిటేరియన్ గానీ, చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ గానీ, మెథడిస్టు గానీ, ప్రొటెస్టెంట్ సంఘం ఏదైనా సరే, కాస్త సందర్భం దొరికితే ఆరాధన తర్వాత టీ పెడతారు. టీ ఉన్నచోట మీరు లేకపోవడం నేను చూడలేదు. కోత పండుగకి మీరే, కొత్త పాస్టరుగారి స్థాపన ఆరాధనకి మీరే, బాయ్స్ బ్రిగేడ్ పిల్లల ప్రదర్శనకి మీరే, ఎవరైనా పోతే మీరే.

మీ కుటుంబం పెద్దది. కారమెల్ స్క్వేర్‌కి అడుగున వెన్న బిస్కెట్ పొర, మధ్యలో కారమెల్, పైన చాక్లెట్. ఆ చాక్లెట్ పగలకుండా నున్నగా ముక్క కోసిన ఆవిడకి చుట్టుపక్కల నాలుగు సంఘాల్లో పేరుంటుంది. మార్స్ చాక్లెట్ బార్లు కరిగించి, రైస్ క్రిస్పీస్ అనే మరమరాల్లాంటి సీరియల్ కలిపేది ఇంకొకటి. ఎండుద్రాక్షలు కూరి చేసే ముక్కకి 'ఈగల శ్మశానం' అని పేరు పెట్టుకుని మరీ ఇష్టంగా తింటారు. వీళ్ళందరి మీదా పెద్దరికం ఫిఫ్టీన్స్‌ది. 15 డైజెస్టివ్ బిస్కెట్లు, 15 మార్ష్‌మాలోలు (దూదిలా మెత్తగా ఉండే చక్కెర మిఠాయిలు), 15 చెర్రీలు. వీటిని కండెన్స్‌డ్ మిల్క్‌లో, అంటే మనం మిల్క్‌మెయిడ్ అనే దాంట్లో కలిపి, పొడుగ్గా చుట్టి, ఎండుకొబ్బరి పొడిలో దొర్లించి, ఫ్రిజ్‌లో పెట్టి కోస్తారు. పొయ్యి వెలిగించే పనే లేదు.

శుద్ధ శాకాహారి అయిన తెలుగు మిత్రుడొకాయన మా చర్చిలో ఏదో కచేరీకి వచ్చి, "గుడ్డు ఉందా అండీ?" అని అడిగాడు. "అబ్బే, గుడ్డు లేదు, ఓవెన్‌లో కూడా పెట్టం" అని బల్ల దగ్గరున్న పెద్దావిడ ఎంతో గర్వంగా చెప్పింది. ఆయన చెయ్యి చాచేలోపు మార్ష్‌మాలోలో జెలటిన్ ఉంటుందనీ, అది జంతువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ తీస్తారనీ నేను చెవిలో చెప్పాను. చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. పెద్దావిడ ఆరోజు నావైపు చూసిన చూపుకి మాత్రం పరిహారం మీరే చెల్లించాలి.

సరే, అసలు ఫిర్యాదుకి వస్తాను. మీరు కాపురం పెట్టిన సంఘం నిరాడంబరతకి పెట్టింది పేరు. పాతకాలపు ప్రెస్బిటేరియన్ చర్చిలోకి వెళ్తే విగ్రహం లేదు, ధూపం లేదు, కొవ్వొత్తి లేదు. కాథలిక్కులకి సంస్కారాలు ఏడు. వీళ్ళు వాటిని రెండుకి దించారు, బాప్తిస్మం, ప్రభు భోజనం. అందులోనూ రొట్టె చిన్న ముక్క, బొటనవేలంత గ్లాసులో ద్రాక్షరసం. వీళ్ళు పిల్లలకి నేర్పిన వెస్ట్‌మిన్‌స్టర్ లఘు ప్రశ్నోత్తరిలో 107 ప్రశ్నలున్నాయి. మీ ప్రస్తావన ఒక్కదానిలోనూ లేదు. ఆచారాలనీ ఆడంబరాలనీ ఇంత పట్టుదలగా ముందు గుమ్మంలోంచి పంపించేస్తే, మీరు వంటగది తలుపు తోసుకుని వచ్చి మూడో సంస్కారంగా కూర్చున్నారు.

పైగా మీకు పూజావిధానం కూడా ఉంది. ముందు గుడ్డూ ఉల్లిపాయా కలిపిన శాండ్‌విచ్, తర్వాత సాసేజ్ రోల్, ఆ తర్వాతే మీరు. ఈ క్రమం తప్పే హక్కు అయిదేళ్ళ లోపు పిల్లలకే. కాథలిక్కుల్లో చాలామంది ఈస్టర్‌కి ముందొచ్చే ఉపవాస కాలం, లెంట్ నలభై రోజులూ తీపి మానుకుని మీకు కాస్త విశ్రాంతి ఇస్తారు. ప్రెస్బిటేరియన్లకి లెంట్ పాటించే సంప్రదాయం పెద్దగా లేదు కాబట్టి మీకు ఆ సెలవూ లేదు, మా నడుములకి ఆ ఊరటా లేదు.

ఈ సింహాసనం మీకెలా దక్కిందో నేను ఆలోచించాను. 1829లో బెల్ఫాస్ట్‌లో జాన్ ఎడ్గర్ అనే ప్రెస్బిటేరియన్ పాదిరిగారు తన ఇంట్లో ఉన్న విస్కీని కిటికీలోంచి పారబోశాడు. అల్స్టర్‌లో, అంటే ఐర్లాండ్ ఉత్తరభాగంలో, మద్యపాన వ్యతిరేక ఉద్యమం అలా ఊపందుకుంది. 1856లో అమెరికాలో గెయిల్ బోర్డెన్ కండెన్స్‌డ్ మిల్క్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ఈ రెంటికీ సంబంధం ఉందని చరిత్రకారులెవరూ అనరు, నేనంటాను. కిటికీలోంచి పోయిన దాని లోటుని డబ్బాలో వచ్చినది పూడ్చింది. పెళ్ళిలోనూ సమాధి దగ్గరా మందు లేని మనిషి చేతిలో ఏదో ఒకటి ఉండాలిగా.

మీరు కాస్త ముందే పుట్టి ఉంటే మా దేశం కూడా వచ్చి ఉండేవారు. ఐర్లాండ్ ప్రెస్బిటేరియన్ చర్చి 1840లో తన మొట్టమొదటి జనరల్ అసెంబ్లీలోనే, అంటే మహాసభలోనే, ఇద్దరు మిషనరీలని గుజరాత్‌కి పంపింది. అప్పటికి ఆ డబ్బా పుట్టలేదు, గుజరాతీలు బతికిపోయారు. వాళ్ళ తీపి వాళ్ళకే ఎక్కువ, అది వేరే సంగతి.

మీ ముందు నిలబడ్డ మనిషి ప్రవర్తన చూస్తే మాత్రం నాకు సొంత ఊరికి వచ్చినట్టే ఉంటుంది. మొహమాటం మా తెలుగువాళ్ళ పేటెంట్ అనుకునేవాణ్ణి. ఇక్కడ అరవై ఏళ్ళ రైతు, ఆవుల మందని ఒంటిచేత్తో తోలగలిగినవాడు, పళ్ళెం ముందుకొస్తే "అబ్బే, నాకొద్దు" అంటాడు. "చిన్న ముక్కేలే" అంటే "లేదు లేదు, ఇందాకే తిన్నాను" అంటాడు. మూడోసారి అడగకుండా పళ్ళెం వెళ్ళిపోతే మాత్రం ఆ అవమానం మరిచిపోడు. ఇక చివరి ముక్క దగ్గర, రక్షణ ఎవరికో దేవుడు ముందే ఎంచేశాడనే కాల్విన్ సిద్ధాంతమంతా కళ్ళకి కడుతుంది. అది ఎవరికి చెందాలో జగత్తు పుట్టకముందే నిర్ణయమై ఉంటుంది. కానీ ఆ ఎన్నికైనవాడు తనేనని చెప్పుకునే ధైర్యం హాల్లో ఒక్కడికీ ఉండదు. చివరికి కుర్చీలు సర్దడానికి వచ్చిన కుర్రాడు నోట్లో వేసుకుని పోతాడు.

చావు ఇంట్లో మిమ్మల్ని చూసినప్పుడు మాత్రం నాకు నోట మాట రాలేదు. మావైపు మనిషి పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, చుట్టుపక్కలవాళ్ళు అన్నం కూరా తెచ్చిపెడతారు. అంతవరకు ఇక్కడా అదే పద్ధతి. కానీ తీపి? మేం క్రైస్తవులమే అయినా, మైల లెక్కలు లేకపోయినా, శవం ఇంట్లో ఉండగా తీపి నోట్లో పెట్టుకోవడం మావాళ్ళు ఊహించరు. ఇక్కడ శవపెట్టె ముందుగదిలో ఉంటుంది, మీరు వంటగదిలో మూడు అంతస్తుల పళ్ళెంలో ఉంటారు. వచ్చినవాడు ఇంటాయన చెయ్యి గట్టిగా నొక్కి, కష్టానికి విచారిస్తున్నానని ఒక్క వాక్యం గొణుగుతాడు. ఏడుపు లేదు, భుజం తట్టడం కూడా అంతంతమాత్రమే. తర్వాత ఆ ఇద్దరూ గోడకి ఆనుకుని నిలబడి, చెరో కప్పూ చెరో కారమెల్ ముక్కా పట్టుకుని, వర్షం గురించి మాట్లాడుకుంటారు. ఆ వంటగది కిటికీ దగ్గర, ఇరుగుపొరుగు మిమ్మల్ని పెట్టి తెచ్చిన టిన్నులు గుట్టగా పేరుకుంటాయి. పోయిన మనిషికి ఊళ్ళో ఎంత పరపతి ఉందో ఆ గుట్ట ఎత్తు చూసి చెప్పొచ్చు. తక్కువ టిన్నులు వచ్చిన ఇంటివాళ్ళు ఆ లెక్క ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు. ప్రేమ కూడా మిమ్మల్ని అడ్డం పెట్టుకుని కొలతకి దొరికింది, చూశారా?

ఇక్కడ మనిషి మతం చెప్పకుండానే కనిపెట్టడం ఒక విద్య. ఇంటిపేరు చూస్తారు, ఏ బడిలో చదివాడో అడుగుతారు, ఇంగ్లీషు 'హెచ్' అక్షరాన్ని ఎలా పలుకుతాడో వింటారు. పళ్ళెంలో ట్రేబేకులు బాగా పేర్చి ఉంటే అది ప్రొటెస్టెంట్ ఇల్లు అని నవ్వుతూ చెప్పేవాళ్ళున్నారు. 2021 జనాభా లెక్కల్లో కాథలిక్ నేపథ్యం వాళ్ళు 45.7 శాతం, ప్రొటెస్టెంట్, ఇతర క్రైస్తవ నేపథ్యం వాళ్ళు 43.5 శాతం అని తేలింది. నార్తర్న్ ఐర్లాండ్ పుట్టాక తలకిందులైన మొదటి లెక్క అది. దాని మీద పేపర్లలో బోలెడు రాశారు. ఫిఫ్టీన్స్ మాత్రం ఎప్పుడో గోడ దాటేసి రెండువైపులా పెరుగుతోంది, దాని గురించి ఎవరూ రాయలేదు.

అసలు నా కడుపుమంట వేరే. మిమ్మల్ని చేసేదెవరు? శనివారం రాత్రి పదింటికి చాక్లెట్ కరిగిస్తూ నిలబడేదెవరు? ఆదివారం పని చెయ్యకూడదు కదా. ఒకప్పుడు బెల్ఫాస్ట్ పార్కుల్లో ఆదివారాలు పిల్లల ఊయలలకి గొలుసు వేసి తాళం పెట్టిన నేల ఇది. ఆ విశ్రాంతి దినానికి తీపి ముందురోజే తయారై ఉండాలి. అంటే విశ్రాంతి పురుషులది, శనివారం ఆడవాళ్ళది.

ప్రెస్బిటేరియన్ చర్చి 1926లోనే స్త్రీలు సంఘ పెద్దలు కావచ్చని ఒప్పుకుంది. మొదటి మహిళా పాస్టరు రూత్ ప్యాటర్సన్‌కి అభిషేకం జరిగింది 1976లో. మధ్యలో యాభై ఏళ్ళు. చర్చ్ ఆఫ్ ఐర్లాండ్‌లో స్త్రీలకి పాదిరీ పదవి 1990లో, మొదటి మహిళా బిషప్ ప్యాట్ స్టోరీ 2013లో. మెథడిస్టులకి మొదటి మహిళా అధ్యక్షురాలు హెదర్ మోరిస్ కూడా ఆ ఏడే. ఈ ఒక్కో మెట్టుకీ కమిటీలు, నివేదికలు, ఓట్లు, వాదోపవాదాలు. ట్రేబేక్ చెయ్యడానికి స్త్రీలు అర్హులా కాదా అని మాత్రం ఏ అసెంబ్లీలోనూ చర్చ జరిగినట్టు లేదు.

అంత కష్టానికి దక్కేదేమిటి? సభ చివర్లో పాస్టరుగారు లేచి, ముఖ్య అతిథికి పేరు పెట్టి, ఆర్గన్ వాయించినాయనకి పేరు పెట్టి, మైకు సర్దినాయనకి కూడా పేరు పెట్టి కృతజ్ఞతలు చెప్తారు. చివరికి, "రుచికరమైన టీ ఏర్పాటు చేసిన లేడీస్‌కి కూడా" అంటారు. చప్పట్లు. ఆ 'లేడీస్'లో ఇరవై టిన్నుల శనివారం రాత్రులున్నాయి. హాలు గోడకి చూడండి, పునాదిరాయి వేసినాయన పేరు పాలరాతి మీద చెక్కి ఉంటుంది. ఆవిడ పేరు టిన్ను అడుగున అంటించిన ప్లాస్టరు ముక్క మీద బాల్‌పెన్నుతో రాసి ఉంటుంది. అది కూడా టిన్ను తిరిగి రావడానికి.

అలాగని ఆ వంటగది అమాయకమైన చోటు అనుకోవద్దు. సంఘ పెద్దల కమిటీ అప్పుడప్పుడు కూడుతుంది. వంటగది కమిటీ ఎప్పుడూ కూడే ఉంటుంది. ఎవరు ఏది చెయ్యాలో అక్కడ అలిఖిత రాజ్యాంగం ఉంది. కారమెల్ స్క్వేర్ ఫలానా ఆవిడది. ఆవిడ బతికుండగా ఇంకొకరు కారమెల్ స్క్వేర్ తేవడం తిరుగుబాటు. చర్చి నిధికోసం అచ్చేసిన వంటల పుస్తకంలో ఆవిడ రెసిపీ ఇస్తుంది, ఒక్క దినుసు తప్ప. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. దుకాణంలో కొన్న ముక్కల్ని సొంత టిన్నులోకి మార్చి తెచ్చేవాళ్ళూ ఉంటారు. వాళ్ళని అంచు చూసి పట్టేస్తారు. ఇంట్లో కోసిన ముక్కలు అన్నీ ఒకేలా ఎందుకుంటాయి?

మా తెలుగు సంఘాలు మేలని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. మా ప్రేమ విందులో డేగిసా ముందు గరిటె పట్టుకుని చెమటలు కక్కేది మగవాళ్ళే, నిజం. వడ్డనకి తువ్వాలు నడుముకి కట్టేదీ వాళ్ళే. కానీ ఆ తర్వాత గిన్నెలు తోమే చోట వాళ్ళు కనపడరు. మా కోత పండుగలో కానుకగా వచ్చిన గుమ్మడికాయనీ కోడిపుంజునీ వేలం వేస్తాం. పాట పాడి కొన్నవాడి పేరు మైకులో మోగుతుంది. ఆ గుమ్మడి పాదుకి నీళ్ళు పోసినావిడ పేరు మా మైకుకీ అందదు.

అందుకని శ్రీమతి గారూ, మీకున్న పలుకుబడితో ఒక్క పని చేసి పెట్టండి. వంటగది తలుపు వెనక అంటించిన రోటా, అదే వంతుల పట్టిక, ఉంది కదా, వచ్చే నెల కాగితంలో సంఘ పెద్దల పేర్లు రాయించండి. ఆదివారం ఉదయం సూపర్‌మార్కెట్ డబ్బాలు తెస్తారు, తెలుసు. బార్‌కోడ్ చింపకుండా అలాగే బల్ల మీద పెట్టించండి, అందరూ చూడాలి. ఆ తర్వాత నెల నుంచి సొంతంగా చెయ్యమనండి. ఓవెన్ జోలికి పోవద్దు, ఫిఫ్టీన్స్‌తో మొదలుపెట్టమనండి. పదిహేను దాకా లెక్కపెట్టడం వాళ్ళకి వచ్చు, చందా సంచీలు లెక్కపెట్టేది వాళ్ళేగా.

ఇట్లు,
కారమెల్ స్క్వేర్ పళ్ళెం ఎప్పుడూ ఖాళీ అయ్యాకే చేరుకునే
ఒక తెలుగు సంఘ సభ్యుడు