హిప్పోక్యాంపస్ గారికి ఒక విశ్రాంత రికార్డు కీపరు మనవి

మహారాజశ్రీ హిప్పోక్యాంపస్ గారికి,

ముప్పై నాలుగేళ్లపాటు రెవెన్యూ కార్యాలయపు రికార్డు గది తాళంచెవిని మొలకు కట్టుకుని తిరిగినవాణ్ణి కనుక, మెదడులో జ్ఞాపకాల దస్త్రాలు చూసుకునే తమకు సాటి ఉద్యోగిగా ఈ లేఖ రాసే అర్హత నాకు ఉందని అనుకుంటున్నాను. 1587లో ఇటలీ శరీరశాస్త్రవేత్త అరాంజి తమ ఆకారాన్ని సముద్రపు గుర్రంతో పోల్చి, ఆ అర్థం వచ్చే ఈ పేరు పెట్టాడు. తెల్లని పట్టుపురుగు అనడమే మేలేమోనని కూడా అన్నాడు. గూడు కట్టుకుని అందులోనే నిద్రపోయే తమ ధోరణి చూస్తే, ఆ రెండో పేరే ఖాయం చేయవలసిందని నా అభిప్రాయం.

తమ ప్రాముఖ్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. 1953లో అమెరికాలో మూర్ఛవ్యాధికి చికిత్సగా హెన్రీ మొలైసన్ మెదడులో రెండు వైపులా తమ భాగాన్ని చాలావరకు తొలగించిన తరువాత, 2008లో కన్నుమూసే వరకు, ఆయనకు ఏ కొత్త మనిషిని ఎన్నిసార్లు పరిచయం చేసినా గుర్తుండలేదు. తమరు నన్ను అంత దూరం తీసుకుపోలేదు, సంతోషం. అయితే నాకిప్పుడు 68 ఏళ్లు; ఈ వయసులో తమరు ఏటా సుమారు ఒకటి రెండు శాతం చొప్పున కుదించుకుపోతారట. నా కరువు భత్యం పెరిగే వేగంతో పోలిస్తే అది తక్కువేమీ కాదు.

మొన్న మనవడు "తాతయ్యా, మీ పెళ్లిరోజు ఏం జరిగింది?" అని అడిగాడు. ఆ రోజుల్లో పెళ్లిళ్లు ఎలా జరిగేవో, విస్తళ్లు ఎవరు కుట్టేవారో, బస్సులు ఎంత తక్కువో అరగంట చెప్పాను. నా పెళ్లి మాత్రం అందులో ఎక్కడా రాలేదు. కెనడాలో బ్రయాన్ లెవిన్ బృందం 2002లో కనిపెట్టింది సరిగ్గా ఇదే: పెద్దవాళ్లు ఒక ఘటనను చెప్పేటప్పుడు ఆనాటి ప్రత్యేక వివరాలు తగ్గి, సాధారణ విషయాలు పెరుగుతాయి. నుదుటి వెనక కూర్చున్న తమ పై అధికారి, అంటే మెదడు ముందు భాగం, వెతకడంలో మందగించాడని తమరు నేరం అటు తోస్తారేమో కూడా. మా కచేరీలోనూ అదే ఆనవాయితీ.

పోనీ గది ఖాళీగా ఉందా అంటే అదీ లేదు. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల వయసు మధ్య కట్టలన్నీ బీరువాల్లోంచి పొర్లిపోతున్నాయి. నిరుడు ఉగాది ఏ ఊళ్లో చేసుకున్నానో చెప్పే కాగితం ఒక్కటీ దొరకదు.

అసలు ఫిర్యాదు ఇప్పుడు మనవి చేస్తాను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు పక్కింటి మామ్మను భుజాన వేసుకుని గుడి మెట్లు ఎక్కానని నలభై ఏళ్లుగా చెప్పుకుంటున్నాను. ఆమె తడిసిన చీర బరువు ఇప్పటికీ నా మెడమీద తెలుస్తుంది. పోయిన నెల మా తమ్ముడు నలుగురిలో మెల్లగా, "అన్నయ్యా, మామ్మను మోసింది నేను. నువ్వు ఆ వేళ పరీక్ష ఫీజు కట్టడానికి బందరు వెళ్లావు, మూడు రోజులకు గానీ తిరిగి రాలేకపోయావు" అన్నాడు. బయటికి తీసిన జ్ఞాపకాన్ని మెదడు మళ్లీ కొత్తగా భద్రపరుస్తుందని 2000లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు చూపాయి. అంటే నేను కథ చెప్పిన ప్రతిసారీ తమ శాఖలో నకలు రాసి బీరువాలో పెట్టి, అసలును చించేశారన్నమాట! ఆ పని మా కచేరీలో చేసి ఉంటే సాయంత్రానికల్లా సస్పెన్షను కాగితం చేతిలో పెట్టేవారు.

కనుక ఆ మూడు రోజులు బందరులో నేను ఎక్కడ తలదాచుకున్నానో, ఆ కట్ట వెతికించి పంపగలరు. మామ్మను మోసిన జ్ఞాపకాన్ని మా తమ్ముడి పేరిట మ్యుటేషన్ చేయడానికి నాకు అభ్యంతరం లేదు. కాకపోతే వచ్చే నెల మనవరాలి ఓణీల వేడుక అయ్యేదాకా ఆగగలరు. మా వియ్యాలవారికి ఆ కథ ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక విశ్రాంత రికార్డు కీపరు