ఎందుకైనా మంచిదని

తెలుగువారి ఇళ్లలో అటకలను నింపుతూ వస్తున్న సిద్ధాంతం ఒక్కటే: "ఎందుకైనా మంచిది." పిడి ఊడిన ప్రెషర్ కుక్కరును, టీవీ కొన్ననాటి థర్మోకోల్ ముక్కలను, ఏ తాళానివో ఎవరికీ గుర్తులేని తాళంచెవుల గుత్తిని మనం తరతరాలుగా ఆ మాట మీదనే కాపాడుకుంటున్నాము. అదే సిద్ధాంతం 2000లో విండోస్ ఎంఈతో పాటు 'సిస్టమ్ రిస్టోర్' అనే పేరు పెట్టుకుని కంప్యూటర్లలోకి వచ్చినప్పుడు, మనవాళ్లెవరూ పేటెంటు కోసం కోర్టుకెక్కకపోవడం జాతి ఔదార్యానికి నిదర్శనమని నా నిశ్చితాభిప్రాయం.

ఈ మధ్య నా ల్యాప్‌టాప్‌లో సి డ్రైవ్ గీత ఎర్రబడింది. 128 జీబీ అని కొన్న డిస్కు విండోస్ లెక్కలో 119 జీబీ మాత్రమే కావడం పాత సంగతే. (అమ్మేవారు వేయి చొప్పున లెక్కగడతారు, విండోస్ 1024 చొప్పున కొలుస్తుంది, కిరాణా కొట్టు తక్కెడలో కూడా ఇంత శాస్త్రబద్ధమైన తరుగు కనిపించదు.) నా ఫోటోలు, పాటలు, రాతకోతలు అన్నీ కలిపినా 30 జీబీ దాటలేదు. మిగతా చోట కాపురముంటున్నది ఎవరో తెలుసుకోవడం ఇంటి యజమానిగా నా ధర్మమనిపించింది.

మొదట దొరికినది 'విండోస్ డాట్ ఓల్డ్'. కొత్త వెర్షన్ గృహప్రవేశం చేసినప్పుడు పాత విండోస్‌ను ఈ ఫోల్డరులో కూర్చోబెట్టి, మనసు మారితే పది రోజుల్లోగా వెనక్కి వెళ్లవచ్చునని చెబుతారు. పదహారు రోజుల పండుగ దాకానైనా ఆగని ఆ గడువు తీరాక అది తనంతట తాను వెళ్లిపోతుంది. ఈలోగా తొందరపడి మామూలుగా డిలీట్ నొక్కితే అనుమతి చాలదంటుంది కనుక, డిస్క్ క్లీనప్ తెరిచి, 'క్లీనప్ సిస్టమ్ ఫైల్స్' మీద నొక్కి, 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్' అన్న గడిలో టిక్కు పెట్టి, పెద్ద అల్లుణ్ణి సాగనంపినట్టు సాగనంపవలసి ఉంటుంది. నాకు 21 జీబీ తిరిగివచ్చింది.

అసలు గుట్టు 'సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్' అనే ఫోల్డరులో ఉంది. ఏదైనా చెడితే విండోస్‌ను పాత స్థితికి తిప్పడానికి సిస్టమ్ రిస్టోర్ అప్పుడప్పుడు తీసిపెట్టుకునే నకళ్లను, అంటే రిస్టోర్ పాయింట్లను, దాచేది ఈ ఫోల్డరులోనే. అది మామూలుగా కంటికి కనబడదు. దాచిన ఫైళ్లను చూపించమని బలవంతం చేస్తే కనబడుతుంది గాని, అడ్మినిస్ట్రేటరు హోదాలో వెళ్లి తలుపు తట్టినా లోపలికి రానివ్వదు. ఆస్తి ఎంతని అడిగితే సున్నా బైట్లని చెబుతుంది. ఎన్నికల అఫిడవిట్‌లో సొంత కారు కూడా లేదని ప్రకటించిన నాయకుణ్ణి చూసినప్పుడు కలిగే భక్తిభావమే నాకు ఆ సున్నాను చూసినప్పుడూ కలిగింది.

ఇంతకీ ఆ రిస్టోర్ పాయింట్లు కాపాడేది దేనిని? విండోస్ తన అమరికలను రాసుకునే రిజిస్ట్రీని, పరికరాలను నడిపించే డ్రైవర్లను, సిస్టమ్ ఫైళ్లను. మన ఫోటోలు, పత్రాలు వాటి బాధ్యత కానే కాదు. ఇంటికి నిప్పంటుకుంటే వాచ్‌మన్ తన టోపీని, కర్రను, విజిల్‌ను మాత్రం భద్రంగా బయటికి తెచ్చుకుంటాడన్నమాట. మా అమ్మాయి అన్నప్రాసన ఫోటోలకు ఈనాటికీ రెండో ప్రతి లేదు; దాని జన్మలో ఒక్కసారి కూడా వాడని ప్రింటరు డ్రైవరుకు మాత్రం నాలుగు తేదీలలో తీసిన జాగ్రత్త ప్రతులున్నాయి. పైగా అవన్నీ ఉన్నది ఆ డిస్కులోనే. బీరువా తాళంచెవికి నకలు చేయించి, దానిని ఆ బీరువాలోనే పెట్టి తాళం వేసే ముందుచూపు ఇది.

యజమానికి తెరుచుకోని ఈ గది దొంగకు తెరుచుకోవడం మరొక విశేషం. 2017 మే నెలలో ప్రపంచమంతటా ఫైళ్లకు తాళాలు వేసి, ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లను సైతం వదలని వానాక్రై అనే దొంగ ప్రోగ్రాము, 'వీఎస్ఎస్ అడ్మిన్ డిలీట్ షాడోస్' అనే ఆజ్ఞకు 'ఆల్', 'క్వైట్' అని తగిలించి, ఈ నకళ్లన్నింటినీ చడీచప్పుడు లేకుండా తుడిచిపెట్టేది. డిస్కులో స్థలాన్ని ఖాళీ చేయించే విద్యలో దానికి ఉన్న నైపుణ్యం నాకు ఒక ఆదివారమంతా కష్టపడినా అబ్బలేదు.

నాకు దొరికినది రాచమార్గం. సిస్టమ్ ప్రొటెక్షన్‌లో 'కాన్ఫిగర్' నొక్కితే ఎంత చోటు ఇవ్వదలచుకున్నామో జరిపి చూపించే ఒక మీట, దాని కింద డిలీట్ బటన్ ఉంటాయి. చివరి పాయింటును ఉంచి పాతవాటిని మాత్రమే తీసివేసే సౌకర్యం డిస్క్ క్లీనప్‌లో ఉన్నప్పటికీ, ఆవేశంలో ఉన్నాను గనుక అన్నింటినీ తుడిచివేశాను. ఇంకో 9 జీబీ వచ్చింది. గీత నీలిరంగుకు మారింది. భోజనం చేసి, విజేతలా పడుకున్నాను.

నిద్ర పట్టలేదు. రేపు పొద్దున విండోస్ లేవకపోతే ఏమి గతి అన్న ఆలోచన దోమలా చెవి దగ్గరే తిరిగింది. చివరికి లేచి, చీకట్లోనే ల్యాప్‌టాప్ తెరిచి, 'క్రియేట్' నొక్కాను. ఈ రిస్టోర్ పాయింటును గుర్తుపట్టడానికి ఒక వివరణ రాయమని అడిగింది. "ఎందుకైనా మంచిది" అని రాశాను. తేదీని, అర్ధరాత్రి దాటిన సమయాన్ని అదే చేర్చుకుంది.