సముద్రం మీద హాజరు పట్టీ

మా నాన్న ఇరిగేషన్ శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ప్రకాశం బ్యారేజీకున్న 70 గేట్లలో ఏ గేటు ఎత్తితే ఎలా మూలుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలనని ఆయన నమ్మకం. అలాంటి మనిషిని ఓడ ఎక్కించి సముద్రంలో తిప్పుకొద్దామన్న పుణ్యం నాదే.

నిజానికి ఆలోచన నాది కూడా కాదు. మా ఆవిడ చెల్లెలు సింగపూర్‌లో ఓడ మీద దిగిన ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. ఆ రోజే మా టిక్కెట్లు ఖరారైపోయినట్టు లెక్క. తారీఖు చూసుకోవడమే మిగిలింది.

నాన్న ససేమిరా అన్నారు. "ఇల్లు నీళ్ళలో ఉంటే ఎలా ఉంటుందో 2024 సెప్టెంబరులో చూశాంగా! పాల ప్యాకెట్లు కూడా పడవ మీదే తెచ్చిచ్చారు. పైసా అడగలేదు. ఇప్పుడు దానికే డబ్బులు కట్టాలా?"

మాది బెజవాడ సింగ్‌నగర్ లెండి. బుడమేరు వాగు ఇంట్లోకొచ్చి పలకరించి వెళ్ళిన వాళ్ళం. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. "తిండి, పడక, ఆట, పాట అన్నీ టిక్కెట్లోనే నాన్నా" అన్నాను. ఆ "అన్నీ" అన్న ముక్క దగ్గర ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. ఈ కథలో జరిగిన నష్టమంతా ఆ ఒక్క ముక్క వల్లే జరిగింది.

చెన్నైలో ఎక్కాలి, రెండు రాత్రులు సముద్రంలో తిరగాలి, మళ్ళీ చెన్నైలోనే దిగాలి. మధ్యలో ఏ ఊరూ రాదు. "గిరి ప్రదక్షిణలాగా అన్నమాట. కాకపోతే గిరి ఉండదు" అన్నారు నాన్న. మొత్తం ఏడుగురం: నేను, మా ఆవిడ, అబ్బాయి, అమ్మాయి, అమ్మ, నాన్న, గుంటూరు బ్రాడీపేట నుంచి మా అత్తగారు. పాత క్యాలెండరు కాగితం వెనక నాన్న టిక్కెట్ల మొత్తాన్ని ఏడుతో భాగించి, దాన్ని పూటలతో భాగించి, "పూటకి మనిషికి ఇంత పడుతోంది. ఎవరూ ఒక్క పూట కూడా తప్పించడానికి వీల్లేదు. గిట్టుబాటు కావాలి" అని తీర్మానించారు.

చెన్నై హార్బరులో మొదటి గండం మా అత్తగారి సంచీ. అది స్కానింగ్ మెషీన్లోకి వెళ్ళింది గానీ బయటికి రాలేదు. బెల్టు ఆగింది. ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళు తెర మీదకి వంగి చూస్తున్నారు. మూడో అతన్ని కూడా పిలిచారు. నేనూ తొంగి చూశాను. నారింజ రంగులో గుండ్రంగా ఒకటి, నల్లగా కోణంగా ఒకటి, పాములా చుట్టుకుని ఒకటి. విప్పి చూస్తే వరసగా కొబ్బరికాయ, ఇస్త్రీ పెట్టె, ఎక్స్‌టెన్షన్ బోర్డు. వాటి వెనకే నీళ్ళు కాచుకునే కెటిల్, పులిహోర క్యారియరు, గోంగూర పచ్చడి సీసా.

ఓడలో అన్నిటికన్నా పెద్ద భయం నిప్పు. అందుకని వేడెక్కే వస్తువేదీ గదుల్లోకి రానివ్వరు. ఇస్త్రీ పెట్టె, కెటిల్, బోర్డు తీసుకుని చీటీ రాసిచ్చారు, దిగేటప్పుడు ఇస్తారట. కొబ్బరికాయ ఏ పద్దులోకి వస్తుందో వాళ్ళకి అర్థం కాలేదు.

"ఇది ఎందుకమ్మా?" అన్నాడు వాళ్ళలో ఒకతను తమిళ యాసలో.

"సముద్రుడికి కొట్టడానికి నాయనా."

అతను కాసేపు ఆలోచించి దానికీ నంబరు చీటీ కట్టి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. సీసా మూత తీసి వాసన చూసి, "పుళిచ్చకీరై!" అని ముఖం వెలిగించుకున్నాడు. ముఖం వెలిగినా రూలు రూలే. ఇంటి వంట లోపలికి రాకూడదు. పులిహోర పారేయడమంటే మా అత్తగారి దృష్టిలో మహాపాపం. అందుకని ఏసీ టెర్మినల్లో, నిగనిగలాడే ఆ పాలరాతి నేల మీద, సూట్‌కేసులు చుట్టూ పెట్టుకుని ఏడుగురం కూర్చుని పులిహోర తిన్నాం. పక్కన క్యూలో నిలబడ్డ గుంటూరు మిర్చియార్డు వ్యాపారి ఒకాయన వాసన పట్టి వచ్చి మాతో పాటు కూర్చున్నాడు. పచ్చడి సీసా అక్కడే వదిలేశాం. కారప్పొడి డబ్బా మాత్రం బీపీ మాత్రల పక్కన ఉండటంతో ఎవరూ అడగలేదు. అడిగితే మందే అని చెప్పేవారట.

ఓడ ఎక్కే దగ్గర ఒక్కొక్కరికీ మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. మెషీన్‌కి తాకిస్తే కుయ్‌మంది, తెర మీద ఫొటో వచ్చింది. "హాజరు" అన్నారు నాన్న మెచ్చుకోలుగా. లోపలికెళ్ళిన గంటకి భద్రతా డ్రిల్లు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. 1912లో టైటానిక్ మునిగిన రెండేళ్ళకి ఓడల భద్రత మీద కొన్ని దేశాలు ఒప్పందం చేసుకున్నాయని, ఈ డ్రిల్లులు దాన్నుంచి వచ్చినవేనని పిల్లలకి చెప్పబోయాను. టైటానిక్ పేరు వినగానే అమ్మ లేచి నిలబడి మళ్ళీ డ్రిల్లు అయ్యేదాకా కూర్చోలేదు. నాన్న మాత్రం పైన వేలాడుతున్న పడవలు లెక్కపెట్టి, ఒక్కోదాని మీద రాసిన అంకెతో హెచ్చవేసి, "సరిపోతాం" అని ప్రకటించారు. అక్కడా కార్డు కుయ్‌మంది. "మళ్ళీ హాజరు. పద్ధతైన ఆఫీసు" అన్నారు.

మేం తీసుకున్నవి చవక గదులు, అంటే కిటికీ లేనివి. ఆడవాళ్ళు నలుగురూ ఒక గదిలో, నేనూ నాన్నా అబ్బాయీ ఒక గదిలో. రెండో హనీమూన్ అని చెల్లెలికి చెప్పి బయల్దేరిన మా ఆవిడకి పక్క మంచం వాళ్ళమ్మది. నా పక్కన నాన్న గురక.

"పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో సెకండ్ సిట్టింగ్‌కైనా కిటికీ ఉంటుంది" అని ఆయన సణిగారు. గదిలో టీవీ పెడితే ఓడ ఎక్కడుందో మ్యాపు వస్తుంది, వేగం కూడా. 14 నాట్లు. గంటకి 26 కిలోమీటర్లని నేను లెక్కగట్టి చెప్పాను. "నా చేతక్ స్కూటరు నయం" అన్నారు. కాసేపటికి మ్యాపులో ఓడ గీత మెలిక తిరగడం గమనించి, "చూడు, అక్కడక్కడే తిరుగుతున్నాడు. డీజిల్ మిగుల్చుకుంటున్నాడు" అని ఆ రాత్రంతా కాంట్రాక్టరు మీద నిఘా వేసిన ఇంజనీరులా టీవీ ముందు కూర్చున్నారు.

కిటికీ లేని గదిలో దీపం ఆర్పితే పగలూ రాత్రీ ఒకటే. నాన్న నిద్రలేచి, కళ్ళజోడు లేకుండా చేతి గడియారం చూశారు. చిన్న ముల్లు ఒకటి దగ్గర, పెద్ద ముల్లు అయిదు దగ్గర. ఆయనకవి అటుదిటు అయ్యాయి. ఒంటిగంటా ఇరవై అయిదు కాస్తా అయిదూ అయిదైంది. స్నానం చేసి, విభూతి పెట్టుకుని, పంచె కట్టుకుని, సూర్యోదయం చూడటానికి పైకి వెళ్ళారు. నన్ను లేపితే "తరవాత వస్తా" అని అటు తిరిగి పడుకున్నానట. నాకు గుర్తులేదు.

పైన ఈతకొలను చుట్టూ డీజే హోరెత్తిపోతోంది. "బ్రాహ్మీముహూర్తంలో ఈ గంతులేమిటిరా!" అని తెల్లారాక నా దగ్గర వాపోయారు. ఆ గంతుల మధ్య పంచెతో నిలబడ్డ పెద్దాయన్ని చూసి బార్ కుర్రాడు గౌరవంగా కుర్చీ వేసి, కమలాపండు రసంలో ఏదో తియ్యటి ఎర్ర నీళ్ళు కలిపి, పైన బుల్లి కాగితం గొడుగు గుచ్చి ఇచ్చాడు. మందు కలపలేదు, అది నాన్న ముందే కనుక్కున్నారు. తర్వాత కుర్రాడు కార్డు అడిగాడు. కుయ్‌మంది. చీటీ ఇచ్చి సంతకం పెట్టమన్నాడు.

మెట్ల దగ్గర కుయ్‌మంటే హాజరు. డ్రిల్లులో కుయ్‌మంటే హాజరు. ఇక్కడ కుయ్‌మంటే మరేమిటి? పైగా సంతకం కూడా. ముప్ఫై నాలుగేళ్ళు పొద్దునా సాయంత్రం రిజిస్టరులో సంతకం పెట్టిన చేయి అది, కలం ఇస్తే చాలు, దానంతటదే కదులుతుంది.

మర్నాడంతా నాన్న ఉత్సాహం చూసి మేం మురిసిపోయాం. బఫేలో ఇడ్లీతో మొదలుపెట్టి పాస్తా దాకా ఏదీ వదల్లేదు. "పూట గిట్టిందా?" అని అందరి ప్లేట్లూ తనిఖీ చేశారు. ఆ తర్వాత డెక్ మీద కుర్చీలో చేరి, గొడుగు గ్లాసు చేతిలో పట్టుకుని మిర్చి వ్యాపారికి కృష్ణా వరదల చరిత్ర చెబుతున్నారు. "2009లో 11 లక్షల 10 వేల క్యూసెక్కులు. గొప్పే అనుకున్నాం. 2024లో 11 లక్షల 43 వేలు!" అని, ఎదురుగా ఉన్న బంగాళాఖాతాన్ని ఒకసారి పరీక్షగా చూసి, "దీనికి గేట్లు లేవు కాబట్టి చెప్పలేం" అన్నారు. ఆయన చుట్టూ నలుగురు పెద్దమనుషులు, నలుగురి చేతుల్లోనూ గొడుగులు. అందరం అన్నీ కట్టే వచ్చాం కదా అనుకున్నాను తప్ప, బల్ల మీద చీటీల కట్ట వైపు నా చూపు పోలేదు.

పోకపోవడానికి ఇంకో కారణం ఉంది. మధ్యాహ్నం నుంచి ఓడ ఊగడం మొదలైంది. ఇంత పెద్ద ఓడలు ఊగవని, అడుగున రెక్కల్లాంటివి ఉండి ఊపు తగ్గిస్తాయని అందరికీ ధైర్యం చెప్పింది నేనే. తగ్గిస్తాయి, మాన్పవు. పైగా బఫేలో గిట్టుబాటు చేసినవాళ్ళలో నాన్న తర్వాత నేనే. చెవి లోపల ఉండే భాగమేమో ఊగుతున్నామంటుంది. కిటికీ లేని గదిలో కళ్ళేమో గోడ కదలడం లేదు కదా అంటాయి. ఈ అత్తాకోడళ్ళ తగవులో కొడుకులా పొట్ట మధ్యలో నలిగిపోతుంది. బయటికెళ్ళి దూరంగా ఆకాశం నీళ్ళని తాకే గీత చూడమని ఓడ సిబ్బంది ఆకుపచ్చ యాపిల్ చేతిలో పెట్టారు. చూశాను. ఆ గీత కూడా ఊగుతోంది.

సాయంత్రానికి ఆరుగురం పడకేశాం. నిలబడ్డది మా అత్తగారొక్కరే. బఫేలో ఆమె మూడు పూటలూ తెల్లన్నం, పెరుగు, మాత్రల పక్కన దాగిన కారప్పొడి, అంతే. "నాన్నగారి లెక్క చూసుకుని పొట్ట నింపితే ఇంతే అల్లుడుగారూ" అని, అల్లం ముక్కకి ఉప్పద్ది నా నోట్లో పెట్టారు. అల్లం బఫే వంటవాణ్ణి అడిగి తెచ్చారట. ఏ భాషలో అడిగారో ఇప్పటికీ చెప్పలేదు.

మూడో రోజు పొద్దున లేచేసరికి తలుపు కింద నుంచి కాగితాలు లోపలికి తోసి ఉన్నాయి. ఒకటి కాదు, నాలుగు. మొదటి వరుస: రాత్రి 1.52, మాక్‌టెయిల్, ఒకటి. దాని కింద: 2.10, మాక్‌టెయిల్, ఒకటి. తర్వాత పగలు 11.05, మాక్‌టెయిల్, అయిదు. 11.40, అయిదు. 12.15, అయిదు, పకోడీ ప్లేట్లు రెండు. చివరి పేజీ అడుగున మొత్తం 18,740 రూపాయలు.

"నాన్నా, ఇదేమిటి?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నాలుగు పేజీలూ నింపాదిగా చదివారు. "హాజరు పట్టీ. మధ్యలో ఈ అంకెలేమిటి మరి?"

రిసెప్షన్‌కి వెళ్ళాం. ఇదేదో పొరపాటని నేను గట్టిగానే మొదలుపెట్టాను. ఆ అమ్మాయి విసుక్కోలేదు, నవ్వుతూనే చీటీలు బయటికి తీసి కౌంటరు మీద వరసగా పేర్చింది. బఫేలో తిండి, మంచినీళ్ళు, టీ కాఫీలు టిక్కెట్లోనివి. బార్ దగ్గర ఏది తీసుకున్నా విడిగా డబ్బులు, కార్డు మీద రాసుకుని చివర్లో వసూలు చేస్తారు. చీటీలన్నిటి మీదా ఒకటే సంతకం. సంతకం కింద తేదీ. తేదీ పక్కన టైము. కొన్నిటి మీద, ఎందుకైనా మంచిదని, హోదా కూడా: వర్క్ ఇన్‌స్పెక్టర్, రిటైర్డ్.

ఇక వాదించడానికేముంది? ఆమె ముందు చీటీలు, నా ముందు నాన్న. నేను కట్టాను.

"నలుగురికీ నా కార్డు మీదే వెయ్యమన్నా. హాజరు ఎక్కువ పడుతుందని" అన్నారు నాన్న చిన్న గొంతుతో. మిర్చి వ్యాపారి ఆ చుట్టుపక్కల ఎక్కడా కనిపించలేదు.

ఇస్త్రీ పెట్టె, కెటిల్, బోర్డు, కొబ్బరికాయ నాలుగూ చీటీలతో సహా భద్రంగా తిరిగిచ్చారు. నేల మీద కాలు పెట్టినా నాకు కాళ్ళ కింద ఓడే. సెంట్రల్ స్టేషన్లో స్తంభం పట్టుకుని నిలబడితే ఓ పోర్టరు జాలిగా చూసి, పొద్దున్నే తాగొచ్చాడనుకున్నాడు కాబోలు, మా ఆవిడతో "జాగ్రత్తమ్మా" అన్నాడు. సముద్రుడికి కొట్టని కొబ్బరికాయ మర్నాడు మా ఇంట్లో పచ్చడైంది.

రైలు కృష్ణా బ్రిడ్జి ఎక్కగానే అత్తగారు రూపాయి బిళ్ళ నదిలోకి వేశారు. నాన్న కిటికీలోంచి చీకట్లో బ్యారేజీ దీపాలు కనిపించినంతసేపూ చూశారు, ఏమీ మాట్లాడలేదు. చెన్నైలో ఎక్కినప్పటి నుంచీ ఆయన మాట్లాడింది తక్కువే.

బెజవాడ ప్లాట్‌ఫారం మీద టీ కొట్టు దగ్గర ఆగాం. కుర్రాడు ఏడు గ్లాసులు పోశాడు. నాన్న గ్లాసు అందుకోబోయి, ఏదో గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మెడలో ఓడ కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. కుర్రాడు దాన్ని వింతగా చూసి, "కార్డు తీసుకోం పెద్దాయనా, ఫోన్‌పే ఉంది" అన్నాడు.

నాన్న నా వైపు తిరిగారు. "ముందు రేటు కనుక్కో" అన్నారు.