రిజర్వ్ లైటు వెలిగాక 75 కిలోమీటర్లా?

ఫ్యామిలీ గ్రూపులో అదే మెసేజ్, అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే, చివరికి ఆఫీసు గ్రూపులోనూ అదే. "పెట్రోల్ లైటు వెలిగితే టెన్షన్ వద్దు! ఆల్టో 50, స్విఫ్ట్ 75, క్రెటా 90, ఇన్నోవా 100 కిలోమీటర్లు గ్యారంటీగా వెళ్తాయి" అని ఒక పట్టిక. కింద చిట్కాలు: స్క్రీన్ మీద "ఇంకా ఇన్ని కిలోమీటర్లు" అని కనిపించే అంకెను నమ్మండి, ఏసీ ఆపండి, ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేసి ఇంజిన్ ఆపేయండి, ట్యాంకు అడుగున చెత్త ఉంటుందని భయపడకండి. కుటుంబంతో శ్రీశైలం బయల్దేరుతున్న మా బాబాయి కూడా ఇదే పంపి "ఉపయోగపడుతుంది, దాచుకో" అన్నారు. దాచుకోను బాబాయ్.

ముందు ఆ పట్టిక సంగతి. ఏ స్విఫ్ట్? 2018కి ముందు మోడల్‌కు 42 లీటర్ల ట్యాంకు, ఆ తర్వాతి దానికి 37. పెట్రోలా, డీజిలా? పట్టికకు ఆ పట్టింపు లేదు. మామూలుగా ట్యాంకులో పదో వంతో, ఇంకాస్త ఎక్కువో మిగిలినప్పుడు లైటు వెలుగుతుంది. 37 లీటర్ల ట్యాంకులో అది నాలుగైదు లీటర్లు. హైవే మీద లీటరుకు 18 ఇచ్చే బండి సాయంత్రం ఏడింటికి అమీర్‌పేటలో 10 ఇస్తే గొప్ప. అంటే అయిదు లీటర్లతో అక్కడ 90, ఇక్కడ 50. మిగిలింది నాలుగే అయితే 40. ఇందులో గ్యారంటీ ఎవరిచ్చారో!

స్క్రీన్ మీది అంకె కూడా జోస్యమే. ఇప్పటిదాకా వచ్చిన మైలేజీని బట్టి కడుతుంది, ముందున్న ట్రాఫిక్ దానికేం తెలుసు? కొన్ని కార్లలో ఒక స్థాయి దాటాక అంకె పోయి గీతలే మిగులుతాయి.

ఏసీ ఆపితే కాస్త మిగులుతుంది, నిజమే. మే నెలలో విజయవాడలో ఆపి చూడండి.

ఇక ప్రాణాల మీదికి తెచ్చేది ఆ న్యూట్రల్ చిట్కా. "చుక్క పెట్రోల్ ఖర్చు కాదు" అట. ఇది కార్బొరేటర్ల (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే పాత పరికరాల) కాలం నాటి తెలివి. కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోల్ చిమ్మే ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లలో గేరు ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, బండిలోని కంప్యూటరే పెట్రోల్ ఆపేస్తుంది. న్యూట్రల్‌లో వేస్తేనే ఇంజిన్ ఆగిపోకుండా మళ్లీ పెట్రోల్ పంపాల్సి వస్తుంది. అంటే చిట్కాలో సగం పాటిస్తే పెట్రోల్ ఖర్చు, మొత్తం పాటిస్తే మనిషే ఖర్చు.

ఎందుకంటే బ్రేకుకు బలమిచ్చే బూస్టర్ చాలా కార్లలో ఇంజిన్ గాలిని లాగి పుట్టించే వ్యాక్యూమ్ మీదే నడుస్తుంది. ఇంజిన్ ఆపాక రెండు మూడు సార్లు నొక్కేసరికి ఆ బలం అయిపోతుంది, పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. పవర్ స్టీరింగ్ ఉండదు. తాళంచెవి బయటికి లాగారంటే స్టీరింగే లాక్ అవుతుంది. ఇగ్నిషన్ ఆపేసిన బండిలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకుంటాయన్న నమ్మకమూ లేదు. గేరు పట్టు లేక బరువంతా బ్రేకుల మీదే పడి, అవి వేడెక్కి పట్టు వదులుతాయి. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు మలుపులో ముందు ఆర్టీసీ బస్సు పెట్టుకుని, వెనక సీట్లో పిల్లల్ని పెట్టుకుని, అర లీటరు కూడా మిగలని ఈ పొదుపు చెయ్యమని చెప్పిన మహానుభావుడు ఎప్పుడైనా ఘాట్ దిగాడా, లేక సోఫాలోనే దిగాడా?

అసలు ఘాట్‌లో మీటరునే నమ్మలేం. ట్యాంకులో పెట్రోల్ ఒక పక్కకు ఒరిగితే, అందులో తేలుతూ మీటరుకు మట్టం చెప్పే ఫ్లోట్ దాంతోపాటే లేస్తుంది, దిగుతుంది. మరీ తక్కువుంటే పంపుకు పెట్రోల్ అందక గాలి పీలుస్తుంది, లీటరున్నర ఉన్నా బండి ఆగొచ్చు. బాబాయి వెళ్లే దారిలో మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు వేసేస్తారు. సెల్ సిగ్నల్ కూడా అన్నిచోట్లా ఉండదు. ఆ పట్టికను పులికి ఫార్వర్డ్ చేద్దామన్నా కుదరదు.

మిగిలింది చెత్త సంగతి. ఇక్కడ మాత్రం మెసేజే రైటు, మిగతా విషయాల్లో నాతో ఏకీభవించే మెకానిక్‌లకు ఇది నచ్చకపోయినా. ట్యాంకు నిండుగా ఉన్నా పంపు ఎప్పుడూ అడుగు నుంచే పీలుస్తుంది, చెత్తను ఆపడానికి జాలీ, ఫిల్టర్ ఉంటాయి. రిజర్వ్‌లో పడ్డ రోజే కొత్తగా వచ్చే చెత్తేమీ లేదు. అసలు భయం వేరు. ట్యాంకులో ఉండే ఆ ఎలక్ట్రిక్ పంపును చల్లబరిచేది పెట్రోలే. ఎప్పుడూ ఖాళీ ట్యాంకుతో తిప్పితే వేడికి దాని ఆయుష్షు తగ్గుతుంది. డీజిల్ బండైతే పూర్తిగా అయిపోయాక పైపుల్లో గాలి చేరుతుంది. డబ్బాతో డీజిల్ తెచ్చి పోసినంత మాత్రాన చాలాసార్లు స్టార్ట్ కాదు, ఆ గాలి తీయాలి. అందుకు మెకానిక్ రావాలి, అతనొచ్చేదాకా రోడ్డు పక్కన నిలబడాలి.